సమస్యాపూరణం: “కరవు కాలమె మేలయ్యె గౌతమికిని”

మాస్టారు (రాజమండ్రి): మొన్న పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చుని, చరిత్రలో ఏ కాలం ఇష్టమని అడిగితే అందరూ ఒకటే పాట. రాజరాజనరేంద్రుడి కాలం, రెడ్డిరాజుల కాలం! వైభవాన్ని ఎవరైనా ఇష్టపడతారు. అందుకే ఈసారి కరవు ఇస్తున్నా, పైది నాలుగో పాదంగా ముందు మూడు మీరు రాయాలి. గౌతమి అంటే మన గోదావరే. తేటగీతి పాదం. “క”కీ “గౌ”కీ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) సరిపోయింది, మళ్ళీ అడగొద్దు.

లాకుల బాబాయ్ (ధవళేశ్వరం): ఇదిగోండి.

పంట లెండి జనమ్ములు వలసపోగ
నదిని జూచెను కాటను నడుము గట్టి
ఆనకట్టయు ధవళేశ్వరాన లేదె?
కరవు కాలమె మేలయ్యె గౌతమికిని

నాకిష్టమైన కాలం 1847–52, కాటను దొర ఆనకట్ట కట్టించిన ఏళ్ళు. రాజుల్లేరు, సభల్లేవు. రాయి, సున్నం, కూలీలు, మధ్యలో పని చూసిన వీనం వీరన్నగారు. దానికి ముందు 1833 కరవు, 1839 ఉప్పెన. 1821లో 7 లక్షలు దాటిన గోదావరి జిల్లా జనాభా 1841 నాటికి 5.6 లక్షలకు పడిపోయింది. ఆ దెబ్బ తగలకపోతే కంపెనీవాళ్ళు పైసా విదిల్చేవాళ్ళా?

అక్కయ్యగారు (ద్రాక్షారామం): ఎత్తుగడ బాగుంది బాబాయ్ గారూ. కానీ “గట్టి” తరువాత “ఆన” అని విడిగా నిలబడదు, యడాగమం వచ్చి “యానకట్ట” కావాలి. అది ప్రాసయతి, అంటే రెండో అక్షరాలు కలిసే యతి కాబట్టి (యాన–రాన) యతికి ఢోకా లేదు. “జూచెను” మీద సరళం రావాలి, అంటే దొరగారు “గాటను” అవుతారు. ఇంకోటి, “లేదె?” అని అడిగితే “లేదు” అనే చెప్పాలి. ఇప్పుడున్నది బ్యారేజీ కదా!

లాకుల బాబాయ్: యడాగమం ఒప్పుకున్నా. గాటను మాత్రం నా నోట రాదమ్మా, మా ఊరి విగ్రహం నాకేసి చూస్తుంది. మరి నీ పూరణ ఏది?

అక్కయ్యగారు:

రాజరాజు నన్నయ జూచి రమ్మటంచు
భారతమ్మును దెనిగింప బలికె నాడు
మునుపు కావ్యమ్ము లేనట్టి తెనుగు నేల
కరవు కాలమె మేలయ్యె గౌతమికిని

నాది మీరు వెక్కిరించిన కాలమే మాస్టారూ, 11వ శతాబ్దం. అయితే నాకు నచ్చింది కోట కాదు, ఆ ఖాళీ. వెనక్కి చూస్తే అనుకరించడానికి తెలుగులో ఒక్క కావ్యమూ కనబడదు. నన్నయగారు ఆది, సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం మధ్యలో ఆపేసినా, తొలి పేరు మన ఒడ్డుకే దక్కింది.

మాస్టారు: “నేల” మీదుగా “కరవు”కి వెళ్ళడం భేష్. నీళ్ళ కరవుని కావ్యాల కరవు చేశావు. “మునుపు–తెనుగు” కూడా ప్రాసయతే, సరిపోయింది. కానీ అద్దంకి పండరంగని శాసనం నన్నయకి రెండొందల ఏళ్ళ ముందుదే. అందులో తరువోజ పద్యం ఉంది.

అక్కయ్యగారు: శాసనంలో పద్యం ఉంది మాస్టారూ, కావ్యం లేదు. అందుకే “పద్యమ్ము” అనకుండా జాగ్రత్తపడ్డా.

మాస్టారు: సరే, ఓడిపోయా.

కొబ్బరాకు (అమలాపురం): నాది 1881, రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు చేయించిన మొదటి వితంతు పెళ్ళి. ఒక్క పాదమే వచ్చింది, టెన్షన్‌గా ఉందండి:

వితంతు పెండ్లిని జరిపించె వీరు డొకడు

మాస్టారు: “వితంతు” జగణం (లఘువు, గురువు, లఘువు) తమ్ముడూ. తేటగీతి మొదట్లో సూర్యగణం ఉండాలి, అంటే నగణమో (మూడు లఘువులు) హగణమో (గురువు, లఘువు). “విధవ పెండ్లిని” అని చదివి చూడు, గణాలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. వి–వీ యతి ముందే కుదిరింది, నీకు తెలీకుండానే!

కొబ్బరాకు: ఆయ్, ఇప్పుడు నడుస్తోందండి.

లాకుల బాబాయ్: నడుస్తోంది సరే, నాకు నీళ్ళ కరవు, అక్కయ్యకి కావ్యాల కరవు. నీకు దేనికి కరవురా?

కొబ్బరాకు: ధైర్యానికండి. వెలేస్తారని భయపడి పెళ్ళికి రావడానికే జనం జంకిన రోజులు కదండీ.

మాస్టారు: అదీ! మిగతా రెండు పాదాల్లో ఆ భయం కనబడాలి. ఆదివారం లోపు పెట్టు.