డాక్టర్ ఆర్డర్ మీద అనుమానం వచ్చి మందు ఆపితే నర్సు బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న:
రాత్రి డ్యూటీలో ఉండగా ఒక రోగికి డిగాక్సిన్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) మాత్ర ఇవ్వమని డాక్టర్ గారు ఫోన్‌లో చెప్పారు. ఇచ్చే ముందు స్టెతస్కోపు పెట్టి నిమిషం పాటు లెక్కిస్తే గుండె వేగం 52 వచ్చింది. ఆ మాట చెప్పినా ఆయన "పర్వాలేదు, ఇచ్చేయండి" అని ఫోన్ పెట్టేశారు. నేను మందు ఆపి ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పాను. ఆర్డర్ పాటించలేదని నా మీద చర్య తీసుకోవచ్చా? ఒకవేళ ఇచ్చాక రోగికి ఏమైనా జరిగి ఉంటే తప్పు నాది కూడా అయ్యేదా?

సమాధానం 1:
అయ్యేదండీ. పెద్దవారిలో గుండె వేగం 60 కంటే తక్కువగా ఉంటే డిగాక్సిన్ ఆపి డాక్టర్‌కు తెలపాలని మనకు చదువులోనే నేర్పుతారు కనుక, తెలిసి కూడా ఇచ్చి ఉంటే "డాక్టర్ గారు చెప్పారు" అన్న ఒక్క మాట విచారణలో మిమ్మల్ని గట్టెక్కించడం కష్టం. మీ స్థానంలో అంతే శిక్షణ పొందిన మరో నర్సు ఉంటే ఏం చేసి ఉండేవారన్నదే సాధారణంగా అక్కడ చూస్తారు. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో తొలిసారి ఆమోదించి, 2021లో సవరించిన నియమావళి కూడా, నర్సు తన పనికి తానే జవాబుదారీ అని స్పష్టంగా చెబుతోంది.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చెప్పాలి. మందు ఆపడంతో బాధ్యత తీరిపోదు. ఇన్‌ఛార్జి ద్వారా పై డాక్టర్‌కు విషయం చేరిందా, రోగికి కళ్లు తిరగడం, వాంతులు, చూపు పసుపుగా కనిపించడం వంటివి ఉన్నాయేమో అడిగారా, నాడి, బీపీ మళ్లీ చూశారా అన్నది కూడా అంతే ముఖ్యం. ఎవరికీ చెప్పకుండా మందు ఆపేస్తే అది కూడా నిర్లక్ష్యమే అవుతుంది. ఇవన్నీ నర్సెస్ నోట్స్‌లో రాశారా?

ప్రశ్న అడిగినవారు:
పై డాక్టర్ వచ్చి చూసి, డోసు ఆపమని రాశారు. కానీ వార్డులో ఒత్తిడి వల్ల ఫోన్ సంభాషణ సంగతి నోట్స్‌లో రాయలేకపోయాను. ఇప్పుడు రాయవచ్చా?

సమాధానం 2 ఇచ్చినవారు:
తప్పకుండా రాయండి, కానీ పాత వరుసల మధ్య ఇరికించవద్దు, పాత సమయం అసలే వేయవద్దు. ఇప్పటి తేదీ, సమయం వేసి, "ఆలస్యంగా నమోదు" అని పేర్కొని, గుండె వేగం ఎంత ఉందో, ఎప్పుడు ఎవరికి ఫోన్ చేశారో, వారు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాసి సంతకం చేయండి. డాక్టర్ గారి మీద మీ అభిప్రాయం అందులో రాయవద్దు. అది చెప్పదలిస్తే ఇన్సిడెంట్ రిపోర్టు (జరిగిన ఘటనపై ఆసుపత్రికి రాసిచ్చే నివేదిక) విడిగా ఇవ్వండి.