‘అడుగిడు నడుగిడదు’: ఇది ఆటా, కథా?

ద్వీపాంతరం: ‘డియర్ ఎస్తర్’ అనే వీడియో గేమ్ మీద ఒక వ్యాసం రాస్తున్నాను. 2008లో ‘హాఫ్-లైఫ్ 2’ అనే తుపాకుల గేమ్‌ను ఆధారం చేసుకుని మొదలైన చిన్న ప్రయోగం, 2012లో విడిగా అమ్మకానికి వచ్చింది. స్కాట్లాండ్ పక్కనున్న హెబ్రిడీస్ దీవుల్లో మనుషులు లేని ఒక ద్వీపం. నడవడం, చూడడం, వినపడే ఉత్తరాల ముక్కలు వినడం, అంతే. తుపాకి లేదు, చిక్కుముడి లేదు, ఓడిపోవడం లేదు. అసలిది వీడియో గేమే కాదని అప్పట్లో చాలామంది కొట్టిపారేశారు. దాన్ని తలచుకున్నప్పుడల్లా గజేంద్రమోక్షంలో లక్ష్మీదేవి నడక నోటికి వస్తోంది: ‘అడిగెదనని కడువడిఁ జను, నడిగినఁ దన మగఁడు నుడువఁడని నడ యుడుగున్’. మూడో పాదంలో సిడిముడి ఉందని మాత్రం గుర్తు. ఎవరైనా పూర్తి చేయగలరా? పనిలో పని, ఇలాంటి దాన్ని ‘ఆట’ అనవచ్చా?

అరసున్న: ‘వెడవెడ సిడిముడి తడఁబడ, నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడునెడలన్’. అది సరే, ‘మగఁడు’ ఎక్కడి నుంచి వచ్చాడండీ? ‘దను మగుడ నుడుగఁడని’ కదా. మగుడ అంటే తిరిగి. అడిగినా తనకు మారు పలకడని ఆమె సందేహం.

సీసమాలిక: ‘మగఁడు’ లేకపోతే ఆ పద్యంలో సంసారం ఏముంది? ‘సిరికిం జెప్పఁడు’ అన్నప్పుడే పోతన వైకుంఠాన్ని మన పక్కింటి కాపురం చేసేశాడు. చెప్పకుండా బయలుదేరిన మగడు, అడగాలా వద్దా అని నలిగిపోయే ఇల్లాలు. ‘మగుడ’ పండితుల పాఠం, ‘మగఁడు’ నోళ్ళలో నిలిచిన పాఠం. నా ఓటు నోళ్ళకే.

అరసున్న: నోళ్ళలో నిలిచిందల్లా కవి రాసిందైతే చాటుపద్యాలన్నీ శ్రీనాథుడివే అవుతాయి.

రెండో ఆట: రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. ఆటకు గెలుపోటములు ఉండి తీరాలన్న పట్టింపు తెలుగుకు ఎన్నడూ లేదు. గుజ్జనగూళ్ళలో ఎవరు గెలిచారు? బొమ్మల పెళ్ళిలో ఎవరు ఓడారు? అయితే తోలుబొమ్మలాటా ఆటే, సినిమాకు వెళ్తే మొదటి ఆటా ఆటే. కాబట్టి ఆ మాటను నమ్ముకుంటే తేలదు. నా లెక్కలో గీత గీయవలసింది మరోచోట: నేను చేసిన పనికి కథ జవాబు చెబుతోందా, లేదా? 1967లో మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనలో చెకొస్లొవేకియా వాళ్ళు ‘కినోఆటోమాట్’ అని ఒక సినిమా వేశారు. మధ్యలో బొమ్మ ఆగుతుంది, వేదిక మీదికి ఒకాయన వచ్చి ఇప్పుడేం చేయాలో చెప్పమంటాడు, ప్రేక్షకులు కుర్చీ దగ్గరున్న ఎర్ర మీటో పచ్చ మీటో నొక్కుతారు. ఏది నొక్కినా కథ తిరిగి ఒకే దారిలో పడుతుంది, చివరికి కథలోని భవనం తగలబడనే తగలబడుతుంది. మీటలు ఉన్నంత మాత్రాన అది ఆటా?

చందమామ చందాదారు: మీటలదాకా ఎందుకు, బేతాళుడు ఉన్నాడుగా! తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. నియమం ఉంది, పందెం ఉంది, మొదటికి రావడమూ ఉంది. అందులోని ఒక్కొక్క కథ కథే. భుజాన మోసుకుంటూ విక్రమార్కుడు ఆడేది మాత్రం ఆట.

రెండో ఆట: విక్రమార్కుడికి ఆట. పుస్తకం చదివే మనకు?

ద్వీపాంతరం: సరిగ్గా అదే నా ఇబ్బంది. ‘డియర్ ఎస్తర్’లో ఏ ఉత్తరం ముక్క వినపడాలో కొంతవరకు యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుంది. ఇద్దరు నడిస్తే ఇద్దరికీ వేరువేరు ముక్కలు వినపడవచ్చు. ఆ తేడా వాళ్ళు ఎంచుకున్నది కాదు. కానీ నేను అడుగు వేయకపోతే కథ కదలదు. ఆగి సముద్రాన్ని చూస్తూ నిలబడితే అదీ నడవదు. ‘అడుగిడు నడుగిడదు’ అనేది నా చేతుల్లో ఉన్నప్పుడు సినిమా అని ఎలా అనడం?

సీసమాలిక: లక్ష్మి చేతుల్లో మాత్రం ఏముందండీ? ‘చేలాంచలమైన వీడఁడు’ అన్నాడు. పైట కొంగు ఆయన చేతిలోనే ఉంది! ఆగుతుందా, నడుస్తుందా అన్నది మనకు కనపడే ముచ్చట. మడుగుకు చేరడం మాత్రం ముందే ఖాయం. మీ మాంట్రియల్ భవనం లాగానే.

కందపుజాడ: ఒక చిన్న మనవి. ‘మగుడ నుడుగఁడని’ని మీరంతా ఒకేలా విడగొడుతున్నారు. మగుడన్ + ఉడుగఁడు అని ఎందుకు కాకూడదు? ‘తిరిగి ఆగడు’ అని. వెంటనే ‘నడ యుడుగున్’ ఉంది చూడండి: ఆయన ఉడుగడు కనక ఈమె ఉడిగింది. ఆట చర్చకూ ఇదే కీలకం. ‘మారు పలకడు’ అంటే ఎదుటివాడి తీరు తెలిసి ఎత్తు వేసే ఆటగత్తె. ‘ఆగడు’ అంటే తన ప్రమేయం లేకుండా నడిచిపోయే కథలో ప్రేక్షకురాలు.

అరసున్న: చమత్కారం బాగుంది, వ్యాకరణం బాగాలేదు. ‘దను’ అని ద్వితీయ పెట్టాడే, ఉడుగడు అంటే దానికి దిక్కెవరు? నుడుగు, నుడువు రెండూ పలకడమే.

కందపుజాడ: మరి ‘నుడువఁడు’ అని చదివేవాళ్ళను ఎందుకు దిద్దారు?

అరసున్న: నేను దిద్దింది మగడిని. గకార వకారాల మీద ఛందస్సు సాక్ష్యం చెప్పదు: రెండూ లఘువులే, యతి పడేది ఆ తరవాతి ‘డ’ మీద. నేను చదువుకున్న ప్రతిలో గకారమే ఉంది.

చందమామ చందాదారు: ‘పలికెడిది భాగవతమఁట’ అన్నవాడిని పట్టుకుని ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా! పలికించెడివాడు రామభద్రుడైతే, మీటలు నొక్కేది పోతనా, రాముడా? అది తేల్చండి ముందు.

ద్వీపాంతరం: అయ్యా, రేపు సాయంత్రానికి వ్యాసం పంపాలి. శీర్షికలో ‘ఆట’ అని పెట్టనా, ‘కథ’ అని పెట్టనా?

రెండో ఆట: ‘ఆట’ అనే పెట్టండి. అడుగు వేయకుండా ఆగే హక్కు చూసేవాడికి ఇచ్చినప్పుడే అది సినిమాకు దూరమైపోయింది. ముగింపు మారకపోయినా నాకు అభ్యంతరం లేదు.

సీసమాలిక: నేను ఒప్పుకోను, కానీ అది తరవాత. ‘వెడవెడ’కు ‘త్వరత్వరగా’ అని అర్థం రాసిన వ్యాఖ్య ఒకటి చూశాను. వెడ అంటే కొంచెం, స్వల్పం కదా! ఆ వ్యాఖ్య ఎవరి దగ్గరైనా ఉందా?

అరసున్న: దాన్ని వేరే చర్చగా పెట్టండి. ‘వెడ’ మీద నేను చెప్పవలసింది చాలా ఉంది.