ఆర్మీ హెలికాప్టర్ పైలట్ ఎయిర్‌ఫోర్స్‌కు మారడానికి వీలుందా? (అమెరికా)

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో ఉంటున్నాం. మా తమ్ముడు ఇక్కడే పుట్టి పెరిగాడు. ప్రస్తుతం అమెరికా ఆర్మీలో వారంట్ ఆఫీసర్‌గా (కమిషన్డ్ అధికారుల కంటే కింది, సాంకేతిక నైపుణ్యం మీద ఇచ్చే హోదా) బ్లాక్ హాక్ హెలికాప్టర్ నడుపుతున్నాడు, వయసు 28. ఎయిర్‌ఫోర్స్‌కు సుమారు 2,000 మంది పైలట్లు తక్కువగా ఉన్నారని కొన్నేళ్ళుగా వింటున్నాం కనుక, అనుభవం ఉన్నవాడు వస్తానంటే వెంటనే తీసుకుంటారని వాడి ఆశ. వీలైతే జెట్ విమానాలు నడపాలని కోరిక. కళాశాల చదువు రెండేళ్ళకే ఆపేశాడు. మా ఇంట్లో సైన్యం సంగతులు తెలిసినవారు లేరు. ముందుగా ఏం చూసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

సమాధానం 1

అమ్మా, నేను ఆర్మీ హెలికాప్టర్ల నిర్వహణ విభాగంలో చాలాకాలం పనిచేసి విరమణ పొందాను. మీ తమ్ముడి ఆశ న్యాయమైనదే గాని, ఎయిర్‌ఫోర్స్‌కు ఎంత మంది కావాలన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఆర్మీ అతన్ని ఎప్పుడు వదులుతుందన్నది మొదటిది. ఒక దళం నుంచి మరొక దళానికి మారాలంటే తీసుకునేవారు సరేనన్నా చాలదు, ఇప్పుడున్న దళం విడుదలకు ఒప్పుకోవాలి. తనకే పైలట్లు తక్కువగా ఉన్న దళం, శిక్షణ ఇచ్చి తయారు చేసుకున్న మనిషిని గడువుకు ముందే పంపించడానికి సాధారణంగా ఇష్టపడదు.

2017 నుంచి ప్రాంతీయ విమాన సంస్థలు కూడా హెలికాప్టర్ పైలట్లకు విమాన శిక్షణ ఖర్చు తామే పెట్టుకుని తీసుకోసాగాయి. పైలట్లను నిలుపుకోవడానికి, 2020 అక్టోబరు 1 నుంచి పైలట్ శిక్షణలో చేరేవారికి ఆర్మీ తప్పనిసరి సేవను 6 ఏళ్ళ నుంచి 10 ఏళ్ళకు పెంచింది. అప్పటికే శిక్షణలో ఉన్నవారికి ఈ మార్పు వర్తించలేదు. ఈ 10 ఏళ్ళను సైన్యంలో చేరిన రోజు నుంచి కాక, అలబామాలోని ఫోర్ట్ రకర్‌లో శిక్షణ పూర్తయిన రోజు నుంచి లెక్కపెడతారు. చాలామంది పొరబడేది ఇక్కడే. కాబట్టి అతను సంతకం చేసిన ఒప్పందం తీసి, శిక్షణలో చేరిన తేదీ, పూర్తయిన తేదీ, సేవాబాధ్యత ముగిసే తేదీ మూడూ పక్కపక్కన రాసుకోమనండి.

మా యూనిట్‌లో ఒక యువ పైలట్ విడుదల కోసం పెట్టుకున్న దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి అతను కాగితాలు తెచ్చి హ్యాంగర్‌లో నా పనిబల్ల మీద పరిచాడు. గ్రీజు మరక అంటకుండా వాటిని పక్కకు జరుపుతూ చూస్తే, ఒక కాగితంలో ఒక ముగింపు తేదీ, మరొక దానిలో దానికి 14 నెలల తర్వాతి తేదీ ఉన్నాయి. సిబ్బంది కార్యాలయం ఆ తేడాను సరిదిద్దలేదు, అడిగేవరకు చెప్పనూ లేదు. అతని రెండేళ్ళు అలా పోయాయి, అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. మీ తమ్ముడికి అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక ఎయిర్‌ఫోర్స్ సంగతి. అక్కడ వారంట్ ఆఫీసర్ హోదాలో పైలట్లు ఉండరు. పైలట్లందరూ కమిషన్డ్ అధికారులే కనుక బ్యాచిలర్ డిగ్రీ లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు. పైగా మీరు విన్న కొరతలో పెద్ద భాగం యుద్ధవిమానాల పైలట్లది. ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు కొద్ది. వాటిలో ముఖ్యమైనవి గాలింపు, రక్షణ పనులు చేసే హెచ్‌హెచ్-60డబ్ల్యూ, మోంటానా, నార్త్ డకోటా, వయోమింగ్‌లలోని క్షిపణి స్థావరాలను కాపలా కాసే హెలికాప్టర్లు. జెట్ నడపాలంటే బ్లాక్ హాక్ అనుభవం ఎంత ఉన్నా విమాన శిక్షణ మొదటి నుంచి చేయాలి, అందులో 33 ఏళ్ళు నిండకముందే చేరాలి.

సమాధానం 2

పై పెద్దాయన చెప్పినదానికి ఒక మాట చేర్చుతున్నాను. సేవాబాధ్యతలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నప్పుడు అవి కలిసి నడుస్తాయా, ఒకటి అయ్యాక మరొకటి మొదలవుతుందా అన్నది ఎవరి నోటిమాట మీదా నమ్మకండి. 2023లో ఆర్మీ 600 మందికి పైగా పైలట్ అధికారులకు, వారు కోరుకున్న శాఖ దక్కినందుకు ఒప్పుకున్న మూడేళ్ళు శిక్షణ బాధ్యతతో పాటు కాక, దాని తర్వాత పూర్తి చేయాలని తెలిపింది. ఇన్నేళ్ళూ తామే నిబంధనను తప్పుగా అన్వయించామని కూడా అంగీకరించింది. పెళ్ళిళ్ళు, ఇళ్ళు, కొత్త ఉద్యోగాలు నిశ్చయించుకున్నవారు ఆగిపోవలసి వచ్చింది. అది వారంట్ ఆఫీసర్ల విషయం కాదు గాని, మీ తమ్ముడు బోనస్ తీసుకున్నా, ఆర్మీ ఖర్చుతో డిగ్రీ చదివినా కొత్త బాధ్యత కలుస్తుందేమో, కలిస్తే ఏ తేదీ వరకో ముందుగా రాతపూర్వకంగా అడిగి ఆ జవాబును దాచుకోవాలి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఫోన్‌లో కాగితాలు చదివించాను. 2020 నవంబరులో శిక్షణలో చేరాడు, 2021 నవంబరులో పూర్తయింది. అంటే 2031 నవంబరు వరకు కదలడానికి లేదన్నమాట, అప్పటికి వాడికి 34 నిండుతాయి. జెట్ ఆశ పోయినట్టేనా? చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు.

సమాధానం 1

అవునమ్మా, ఆర్మీ ముందుగా వదిలితే తప్ప ఎయిర్‌ఫోర్స్ జెట్ శిక్షణకు వయసు దాటిపోతుంది. వయసుకు మినహాయింపు అడగవచ్చు గాని, దాని మీద బతుకు కట్టుకోమని నేను చెప్పను. హెలికాప్టర్ పైలట్‌గానే మారడానికి మాత్రం దారి మూసుకుపోలేదు. డిగ్రీ మిగిలిన రెండేళ్ళు ఇప్పుడే మొదలుపెట్టమనండి, ఏ దారికైనా అది ముందు కావాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, అలస్కాలలో ఎయిర్ నేషనల్ గార్డ్‌కు (ఎయిర్‌ఫోర్స్‌కు అనుబంధంగా రాష్ట్రాలలో ఉండే రిజర్వు దళం) హెలికాప్టర్ రక్షణ దళాలున్నాయి; తమకు కావలసినవారిని అవి స్వయంగా ఎంచుకుంటాయి కనుక, గడువుకు రెండేళ్ళ ముందు నుంచే అక్కడివారితో మాట్లాడి, వెళ్ళి కలిసి రావడం మంచిది. కోస్ట్ గార్డ్ కూడా ఇతర దళాల పైలట్లను నేరుగా అధికారులుగా తీసుకునే పద్ధతి నడుపుతోంది. నన్నడిగితే, సముద్రం మీద ప్రాణాలు కాపాడే ఆ పని బ్లాక్ హాక్ చేతికి బాగా అలవాటైన పైలట్‌కు జెట్ కంటే తక్కువేమీ కాదు, కోస్ట్ గార్డ్ వాడే ఎంహెచ్-60 హెలికాప్టర్ కూడా బ్లాక్ హాక్ కుటుంబానిదే. ఏ దళానికి మారినా ఇప్పటివరకు చేసిన సేవ 20 ఏళ్ళ పింఛను లెక్కలో కలుస్తుంది.

2025 మేలో ఆర్మీ తన పోరాట వైమానిక బ్రిగేడ్లలో ఒక్కొక్క స్క్వాడ్రన్ (హెలికాప్టర్ల దళం) తగ్గిస్తామని ప్రకటించింది. దానివల్ల కొందరిని ముందుగానే వదలవచ్చు. అందుకని ఏడాదికోసారి విడుదల నిబంధనలు మారాయేమో తమ సిబ్బంది కార్యాలయంలో అడుగుతూ ఉండమనండి. ఆ ముగింపు తేదీ ఉన్న కాగితం నకలు ఒకటి మీ దగ్గర కూడా ఉంచుకోండి.