హీలియం కథలో గుంటూరు: చూపించడానికి ఏమైనా మిగిలిందా?

నమస్కారం. దసరా సెలవులకు పిల్లలతో గుంటూరు వెళ్తున్నాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ వచ్చింది ఈ ఊరికే. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను స్పెక్ట్రోస్కోపుతో (కాంతిని రంగుల గీతలుగా విడదీసి చూపే పరికరం) చూసి, అవి వేడికి వెలిగే వాయువులని గుర్తించాడు. మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూశాడు! అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ కూడా విడిగా అదే సాధించాడు. ఆ కాంతిలోని పసుపు గీత కొత్త మూలకానిదని భావించి హీలియం అని పేరు పెట్టింది లాకియర్ వైపు వాళ్లే. భూమి మీద అది రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సేకు దొరికేసరికి 1895 వచ్చింది.

నా పిల్లలకు హీలియం అంటే పుట్టినరోజు బుడగలే, అందుకే ఈ తాపత్రయం.

జాన్సెన్ పరికరాలు నిలిపిన చోటు ఇప్పటి గుంటూరులో ఏ వీధిలోకి వస్తుంది? అక్కడ ఫలకం వంటిది ఉందా? అదే గ్రహణాన్ని మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నం నుంచి చూశాడు. అక్కడ గుర్తులుంటే అటూ వెళ్తాం. ఆనాటి గ్రహణం గురించి మీ ఇళ్లలో పెద్దలు చెప్పుకొన్న మాటలున్నా దయచేసి రాయండి.