తెల్లవారుజామున లేచి పడిపోతున్న అత్తగారు: ఇంట్లో ఏం మార్చాలి?

ప్రశ్న (తెనాలి కోడలు):
అందరికీ నమస్కారం. మా అత్తగారికి 74 ఏళ్ళు. బీపీకి, షుగరుకు చాలా ఏళ్ళుగా మందులు వాడుతున్నారు. ఈ నెలలో రెండుసార్లు పడ్డారు. ఒకసారి గడప దగ్గర, ఒకసారి బాత్రూములో. రెండుసార్లూ తెల్లవారుజామున మూత్రానికని లేచినప్పుడే. ఎముకలు విరగలేదు గానీ, అప్పటినుంచి ఆవిడ మంచం దిగడానికే భయపడుతున్నారు. బాత్రూములో నున్నటి గ్రానైట్ తీయించి గరుకు టైల్స్ వేయిద్దామని మావారు అంటున్నారు. అది సరిపోతుందా?

జవాబు (విశ్రాంత నర్సు):
టైల్స్ సంగతి తర్వాత చూడవచ్చు. పక్క మీదినుంచి లేచిన వెంటనే పడుతున్నారంటే ముందుగా రక్తపోటును అనుమానించాలి. మనిషి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. వయసులో ఉన్నవారి రక్తనాళాలు వెంటనే బిగుసుకొని దాన్ని సర్దుకుంటాయి గానీ, పెద్దవారిలో, అందులోనూ ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారిలో, ఆ సర్దుబాటు ఆలస్యమై కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, ఎవరైనా పట్టుకొని నిలబెట్టాక ఒకటో నిమిషంలోనూ మూడో నిమిషంలోనూ బీపీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే, ఆ లెక్కతో పాటు వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. నిద్రమాత్ర ఉంటే దాన్నీ చెప్పండి, చాలామంది దాన్ని మందుగా లెక్కే వేయరు. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపవద్దు.

జవాబు (ఒక కొడుకు):
మా నాన్నగారు జారినప్పుడు తువ్వాలు ఆరేసే రాడ్డును పట్టుకున్నారు, అది గోడనుంచి ఊడి చేతికి వచ్చింది. బరువు మోసే కమ్మీలు వేరే ఉంటాయి. కమోడు పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి గోడలోకి గట్టిగా బిగించండి. గడప తీయించడానికి మా అమ్మ ససేమిరా అన్నది కాబట్టి దాని పక్కన రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టాం.

జవాబు (ఫిజియోథెరపిస్టు):
ఆ భయాన్ని తేలికగా తీసుకోకండి. పడతామని నడక మానేస్తే తొడల కండరాలు సన్నబడి, మళ్ళీ పడే అవకాశం ఇంకా పెరుగుతుంది. కుర్చీలోనుంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ప్రమాదం ఉన్నట్లే. న్యూజిలాండులో రూపొందిన ఒటాగో వ్యాయామాలు ఇటువంటివారి కోసమే. కాళ్ళ బలానికి, నిలకడకు ఇంట్లోనే చేయించవచ్చు. మొదట్లో మాత్రం నేర్పేవారు పక్కన ఉండాలి. షుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారాయేమో కూడా పరీక్ష చేయించండి.

తెనాలి కోడలు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం చూస్తే పడుకున్నప్పుడు పై అంకె 148, నిలబడ్డాక 121. డాక్టరుగారు రాత్రి మాత్రను మార్చారు. మంచం అంచున కాళ్ళు వేలాడదీసి రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవమన్నారు. కమ్మీలు రేపు బిగిస్తారు. టైల్స్ పని ప్రస్తుతానికి ఆపాం.