ఆరుబయట నిలబెట్టిన చిన్న విమానాలు గాలివానకి కదలకుండా ఎట్లా కట్టాల?

కమలాపురం_పిల్లోడు:
అందరికీ నమస్తే. నేను కడప దగ్గర ఒక ఫ్లయింగ్ ట్రైనింగ్ దాంట్లో గ్రౌండ్ హెల్పర్‌గా చేరి ఐదు నెల్లయింది, పేరు చెప్పను, ఉద్యోగం కావాల నాకు. మా దగ్గర సెస్నా కంపెనీ 152లు, 172లు అనే చిన్న విమానాలు ఉండాయి, హ్యాంగర్లో పట్టేది మూడే, మిగతావన్నీ బయటే. పోయిన గురువారం సాయంత్రం నాలుగున్నర దాకా ఎండ మండిపోతా ఉండె, ఐదుకల్లా పడమర పక్క ఎర్రగా దుమ్ము లేసింది, చినుకు ఒక్కటి కూడా పడలేదు ఇంకా, ఆ దుమ్ముతో పాటే గాలి వచ్చి కొట్టింది. చివర్లో ఉన్న 152కి ఎడమ రెక్క తాడు పుటుక్కున తెగింది. నేను ఉరికిపోయి రెక్క కింద ఊసని పట్టుకుని వేలాడినా, నా 58 కిలోలు దానికి లెక్కే లేదు, చెప్పులు సిమెంటు మీద గీసుకుంటా పోయినాయి. అది గిర్రున తిరిగి తోకతో పక్క విమానం రెక్క వెనకంచున ఆడే రేకుని, అదే ఐలెరాన్‌ని కొట్టింది. మొత్తం పది నిమిషాలు, అంతే, మళ్ళా ఆకాశం మామూలే.

ఇప్పుడు పెద్దోళ్ళందరూ ముడి సరిగా వేయలేదు అని నా మీద పెట్టినారు. నిజానికి ముడి విప్పుకోలేదు, తాడు తెగింది. ఆ నీలం ప్లాస్టిక్ తాడు ఎండకి తెల్లగా పాలిపోయి, పట్టుకుంటే పొడి రాలుతా ఉంది, చేరినప్పట్నించీ అదే ఉంది. నేను అడిగేది ఏందంటే, ఏ తాడు వాడాల, ఎంత బిగించాల, ఏ ముడి వేయాల, గడ్డి పక్కన పెట్టేవాటికి నేలలో రింగులు లేవు వాటికి ఏం చేయాల. ఇంకోటి, గాలి వచ్చినాక పరిగెత్తి పట్టుకోవడం కరెక్టేనా? తెలిసినోళ్ళు చెప్పండి.

లింగాల_అరటి:
తమ్మీ, నాకు విమానాల సంగతి తెల్దు కానీ గాలి సంగతి తెలుసు. మా ఐదెకరాల అరటి గెలలు కోతకి వారం ముందు ఒక్క సాయంత్రంలో నేల మీద పరుచుకుంటే చూసినోణ్ణి. పోట్లు పెట్టేది, కట్టేది అంతా ఎండలో చేసుకోవాల. గాలి మొదలైనాక తోటలోకి పోయినోడు చెట్టుని కాపాడింది లేదు, తలకాయ పగలగొట్టుకున్నోళ్ళు ఉండారు. నీ చివరి ప్రశ్నకి ఇదే జవాబు, మిగతావి పెద్దోళ్ళు చెప్తారు.

పాత_ఇంజనీరు_అనంతపురం:
బాబూ, ముందు నీకు దెబ్బలేం తగల్లేదు కదా. నేను ముప్పై ఏండ్ల పైన చిన్న విమానాల మెయింటెనెన్స్‌లో చేసి రిటైర్ అయినాను, ఇలాంటి సాయంత్రాలు చానా చూసినా.

ఒక లెక్క చెప్తా, అర్థమైతే మిగతాదంతా నీకే తెలుస్తుంది. 152 నిండు బరువు 757 కిలోలు, ఆ బరువుతో గాల్లో నిలబడాలంటే దానికి గంటకి దాదాపు 90 కిలోమీటర్ల వేగం కావాల. నువ్వు నిలబెట్టిన విమానంలో మనుషులు లేరు, పెట్రోలు సగమో పావో, అంటే 500 కిలోల చిల్లర. అంత తేలికైతే 70 చిల్లర వేగానికే రెక్కకి దాన్ని మోసే సత్తా వస్తుంది. రెక్కకి తాను ముందుకి పోతా ఉందా, గాలే ఎదురొస్తా ఉందా అనేది పట్టదు. మన సీమలో ఏప్రిల్, మే నెలల గాలివానకి ఆ మాత్రం వేగం రావడం వింత కాదు. నేల మీద విమానం చదునుగా నిలబడి ఉంటుంది కాబట్టి పూర్తిగా ఎగరదు గానీ, ముక్కు ఒక్క జానెడు లేచిందా, ఇంక అది నీ మాట వినదు. పైగా గాలి రెట్టింపయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. నువ్వు వేలాడినా ఎందుకు ఆగలేదో చూసుకో.

తాడు సంగతి. అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ వాళ్ళు 1983లో విమానాలు కట్టేదాని (టై-డౌన్) మీద ఇచ్చిన సర్క్యులర్లో సింగిల్ ఇంజన్ దానికి ఒక్కో తాడు 3,000 పౌండ్లు ఆగాలని రాసినారు, అంటే 1,360 కిలోలు. 12 ఎంఎం కొత్త నైలాన్ తాడు దానికంటే చానా ఎక్కువే ఆగుతుంది, కానీ ముడి పడిన చోట బలం సగం దాకా పోతుందని గుర్తుపెట్టుకో, అందుకే లావు తాడు. మీ నీలం తాడు కొన్నప్పుడు బాగానే ఉండింటుంది, ఎండ తినేసింది దాన్ని. పొడి రాలే తాడుతో కట్టడమూ కట్టకపోవడమూ ఒకటే, అది నీ తప్పు కాదు, తాడు మార్చాల్సినోడి తప్పు. నార తాడు వద్దు. నులక మంచం వానలో తడిస్తే ఎట్లా బిగుసుకుంటుందో చూసింటావు, ఇదీ అంతే, తడిస్తే పొట్టిదై రెక్కని కిందికి గుంజుతుంది. తప్పక అదే వాడాల్సి వస్తే అంగుళం వదులు పెట్టి కట్టాల. నైలాన్ అయినా చేతికి కాస్త ఆడేట్టు ఉండాల, మరీ వదులుగా ఉంటే గాలికి ఎగిరెగిరి జర్కు కొట్టి తెంపుతుంది.

ముడి బౌలైన్ వేయి, తాడు కొసలో వలయం వచ్చే ముడి అది, ఎంత గుంజినా జారదు, పొద్దున విప్పేటప్పుడు సులభంగా వస్తుంది. జారుముడి వేసి పోయేవాళ్ళు ఉంటారు, తొందరగా విప్పొచ్చని. గాలి కూడా తొందరగానే విప్పుతుంది. తాడు రెక్క రింగుకే, తోక కింద రింగుకే కట్టాల, ఊస మధ్యలో చుట్టొద్దు, కిందికి జారుతుంది, వంగుతుంది. తాడు నిలువుగా కాకుండా బయటికి ఏటవాలుగా పోవాల. తోక తాడు మర్చిపోవద్దు, గాలి వెనక నుంచి కొడితే తోక లేస్తుంది, ప్రొపెల్లర్ నేలకి తగులుతుంది. చక్రాలకి ముందూ వెనకా రెండు పక్కలా చాక్స్ (అడ్డు దిమ్మెలు), ఒట్టి పార్కింగ్ బ్రేకు నమ్మొద్దు.

అన్నిటికంటే జనం నిర్లక్ష్యం చేసేది కంట్రోల్ లాక్, అంటే పైలట్ తిప్పే హ్యాండిల్ (యోక్) కదలకుండా పెట్టే పిన్ను. యోక్‌కి ఆ పిన్ను గుచ్చకపోతే ఐలెరాన్లూ తోక మీద ఆడే ఎలివేటరూ గాలికి రాత్రంతా టపటప కొట్టుకుని హింజిలు వంగుతాయి, బయటికి కనపడదు, గాల్లోకి పోయినాక తెలుస్తుంది.

బేతంచెర్ల_బండల_లారీ:
ఏమప్పా ఇంత కథ ఎందుకు, మేం టన్నుల టన్నుల బండలు ఘాట్ రోడ్లో దింపుతాండాం, రాచెట్ బెల్టు వేసి టకటకా నాలుగు గుంజులు గుంజితే బండ కదిలేదే లేదు. తాళ్ళు, ముడులు పాత కాలం పద్ధతి. ఒక్కో రెక్కకి ఒక బెల్టు వేసుకో, అయిపోయింది.

పాత_ఇంజనీరు_అనంతపురం:
లారీ అన్నా, మీ బండకి ఎంత గుంజినా ఏం కాదు. ఇది రేకు. రాచెట్ పిడి పట్టుకుని గుంజితే మనకి తెలియకుండానే వందల కిలోల బలం పడుతుంది, రింగు దగ్గర రెక్క లోపలి భాగాల మీద రాత్రంతా ఆ భారం ఉంటుంది, గాలి భారం దాని మీద అదనం. బెల్టు వాడొద్దని అనను, చేత్తో వదులు తీసి అక్కడే ఆపేయాల, పిడితో బిగించొద్దు. బెల్టు కూడా ఎండకి చస్తుంది. గొలుసు వాడేవాళ్ళూ ఉంటారు, గొలుసుకి సాగే గుణం లేదు, వదులుగా ఉంటే ఒక్కో గాలి తోపుకి సుత్తితో కొట్టినట్టు కొడుతుంది.

కమలాపురం_పిల్లోడు:
సార్ చానా థాంక్స్, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలే నాకు. దెబ్బలేం లేవు, మోకాలు గీసుకుంది అంతే. గడ్డి పక్కన ఎట్లా సార్? మా ఇంచార్జి గూటాలు కొట్టమంటాడు, గడారితో బొక్క చేసి రెండడుగుల ఇనప గూటం కొట్టినాం, చేత్తో అటూ ఇటూ ఆడిస్తే ఊడొస్తా ఉంది. అక్కడ నల్లనేల.

పాత_ఇంజనీరు_అనంతపురం:
నల్లరేగడిలో గూటం ఎండాకాలం నెర్రెల్లో వదులవుతుంది, వానకి బురదలో వదులవుతుంది, ఎప్పుడూ వదులే. ద్రాక్ష పందిరి చూసినావా, మూల రాళ్ళకి లాగిన తీగ యాడికి పోతుంది? గుంత తవ్వి అడ్డంగా పూడ్చిన బండకి. కరెంటు స్తంభం స్టే వైరుకి కూడా నేల లోపల ప్లేటు ఉంటుంది. నువ్వూ అదే చేయి. నాలుగడుగుల గుంత, అందులో అడ్డంగా బండ, దాని చుట్టూ తిప్పిన ఇనప కడ్డీ పైకొచ్చి రింగుగా ఉండాల, మట్టి పొరలు పొరలుగా దిమ్మిస చేసి నింపాల. తవ్వేముందు మాత్రం ఎయిర్‌పోర్టు వాళ్ళని అడక్కుండా పార ముట్టుకోవద్దు, కింద కేబుళ్ళు ఉంటాయి.

తవ్వనీయకపోతే 200 లీటర్ల డ్రమ్ములో రింగు పెట్టి కాంక్రీటు పోయండి, ఒక్కోటి దాదాపు 480 కిలోలు తూగుతుంది. నీళ్ళ డ్రమ్ము పెట్టి మోసపోవద్దు, అది 200 కిలోలే, పైగా దొర్లుతుంది. ట్యాంకులు నింపి పెట్టినా కొంత మేలు, 172ల్లో పెద్ద ట్యాంకులవి నిండా పోస్తే 150 కిలోల బరువు అదే వస్తుంది. పెద్ద గాలి వస్తుందని ముందే తెలిస్తే రెక్క పైన, ముందంచుకి కాస్త వెనగ్గా, పొడుగూతా ఒక చెక్క పట్టీ కింద మెత్తటి గుడ్డ వేసి కడతారు, గాలి దాని మీదకి వచ్చి చెదిరిపోతుంది, రెక్కకి లేపే బలం తగ్గుతుంది.

రామగిరి_గాలిమర:
నేను గాలిమరల టెక్నీషియన్, గాలి కొలిచి జీతం తీసుకునేవాణ్ణి కాబట్టి ఒక మాట. విమానం ముక్కు గాలికి ఎదురుగా పెట్టమని అందరూ చెప్తారు, జూన్ నుంచి ఆగస్టు దాకా అది బాగానే పనిచేస్తుంది, పడమటి గాలి నెలల తరబడి ఒకే పక్కనుంచి కొడుతుంది, అందుకే మాకు ఇక్కడ గాలిమరలు. ఏప్రిల్, మే గాలివాన అట్లా కాదు. మబ్బులోంచి చల్లగాలి కిందికి దబ్బున పడి, నేలకి తగిలి నాలుగు పక్కలా పరుచుకుంటుంది, వాన కంటే ముందు దుమ్ము వచ్చేది అందుకే. ఆ మబ్బు నీ మీదుగా దాటితే ఐదు నిమిషాల్లో గాలి దిక్కు పూర్తిగా తిరగబడుతుంది. మా గాలిమరకి తల తిప్పుకునే మోటార్ ఉంది, గాలి మరీ ఎక్కువైతే, చానా మోడళ్ళలో సెకనుకి 25 మీటర్లు అంటే గంటకి 90, రెక్కలు తిప్పేసి తనకు తానే ఆగిపోతుంది. మీ విమానానికి అవేం లేవు. అందుకే ముక్కు ఎటున్నా సరే, రెండు రెక్కలూ, తోకా, మూడు చోట్లా కట్టే ఉండాల.

ఫోన్లో దామిని యాప్ పెట్టుకో, చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు యాడ పడుతున్నాయో చూపిస్తుంది. పడమర పక్క చుక్కలు దగ్గరవుతా ఉన్నాయంటే టైం ఉన్నట్టే, అప్పుడు కట్టు, దుమ్ము కనపడినాక లోపలికి పో. డాలస్‌లో 2024 మేలో గేటు దగ్గర నిలబెట్టిన బోయింగ్ 737నే గాలి పక్కకి తిప్పేసింది, వీడియో చూసినారు కదా అందరూ. దాని ముందు నీ 58 కిలోలు ఎంత.

ఓర్వకల్లు_స్టూడెంట్:
నేను సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ట్రైనింగ్‌లో ఉన్నా. హెల్పర్ అన్నలకి ఒక రిక్వెస్ట్, గాలివాన రాత్రి ఏ విమానం ఊగింది, ఏది పక్కదానికి తగిలింది అనేది పొద్దున మాకు చెప్పండి ప్లీజ్, తిట్టరు. చిన్నగా తగిలిందిలే అని ఎవరూ నోరు విప్పకపోతే దాన్ని తీసుకుని పైకి పోయేది మేము. ఇంకా పిటో, అంటే వేగం కొలిచే గాలి గొట్టం, దాని కవర్ ఆ రోజు గాలికి ఎగిరిపోయిందంటే వెంటనే ఇంకోటి వేయండి, మట్టి గూడు కట్టే కందిరీగ రెండు రోజుల్లో అందులో మట్టి పెట్టేస్తుంది, మాకు ఒకసారి టేకాఫ్ రోల్‌లో స్పీడ్ ముల్లు లేవనే లేదు.

కమలాపురం_పిల్లోడు:
అప్డేట్. ఇంచార్జికి ఇదంతా చదివి వినిపించినా, మొదట కోపం వచ్చింది, తర్వాత మా ఇంజనీర్ సార్ కూడా వచ్చి నిలబడి విన్నాడు. తెగిన తాడు ముక్క చేతికిస్తే నలిపి చూసి ఏం మాట్లాడలేదు. మరుసటి రోజే కడప టౌన్‌కి పంపించి 12 ఎంఎం నైలాన్ రెండు కట్టలు తెప్పించినారు. గడ్డి పక్కన తవ్వేదానికి పర్మిషన్ అడిగినారు, ఇంకా రాలేదు, అందాకా డ్రమ్ములకి కాంక్రీటు పోస్తా ఉన్నాం, మొదటి నాలుగు ఆరుతున్నాయి. బౌలైన్ ముడి రాత్రి ఇంట్లో మంచం కోడుకి వేసి వేసి నేర్చుకున్నా, ఇప్పుడు కండ్లు మూసుకుని వేస్తా. తగిలిన రెండు విమానాలూ హ్యాంగర్లో విప్పి పెట్టినారు, చెక్ చేస్తా ఉండారు.

పాత నీలం తాళ్ళు పారేయమంటే ఊరికే ఎందుకని ఇంటికి తెచ్చినా. మా అమ్మ ఒకసారి గుంజి చూసి, దూడని కట్టేదానికి కూడా పనికిరాదు ఇది, దీంతోనా విమానాలు కట్టింది అని పొయ్యి పక్కన పడేసింది.