అగ్ని గుర్రం ఏడాదిలో ఆడపిల్ల పుడితే తప్పా?

టోక్యో తెలుగమ్మాయి:

మా ఆఫీసులో నా పక్కన కూర్చునే జపాను అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలిసినప్పటి నుంచి వాళ్ల అమ్మమ్మ ఫోను చేసిన ప్రతిసారీ ఒకటే మాట అంటున్నారట: “ఇంకొక్క ఏడాది ఆగాల్సింది.” నిన్న మధ్యాహ్నం ఆ సంగతి చెబుతూ చెబుతూ ఆమె సగం అన్నం అలాగే వదిలేసి డబ్బా మూత పెట్టేసింది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. చైనాలో పుట్టి జపాను, కొరియా, వియత్నాంలకు పాకిన పన్నెండు జంతువుల లెక్కలో 2026 గుర్రం సంవత్సరం. ఈ జంతువులకు కొయ్య, అగ్ని, మట్టి, లోహం, నీరు అనే ఐదు మూలకాలు వరుసగా జతపడతాయి. ఒకసారి వచ్చిన జత మళ్లీ రావాలంటే అరవై ఏళ్లు పడుతుంది. ఇప్పుడు నడుస్తున్నది అగ్ని, గుర్రం కలిసిన ఏడాది. జపానులో దీన్ని హినోయె-ఉమా అంటారు. ఈ ఏడాది పుట్టిన ఆడపిల్ల మొండిది అవుతుందని, మొగుడి ఆయుష్షు తినేస్తుందని పాత నమ్మకం. 1965లో జపానులో సుమారు 18.2 లక్షల మంది పుడితే 1966లో 13.6 లక్షల మందే పుట్టారు. మరుసటి ఏడాది మళ్లీ 19.4 లక్షలు. 1966లో అక్కడ యుద్ధం లేదు, కరువు లేదు. ఉన్నది ఈ భయమే.

నా ప్రశ్న ఇది. ఈ జంతువులకు అంటగట్టిన గుణాలను సంప్రదాయమని కాపాడుకోవాలా, లేక వయసు చెప్పే లెక్కను మాత్రం ఉంచుకుని మిగతాది వదిలేయాలా? వదిలేయాలనే నేను అంటాను.

పంచాంగ ప్రియుడు:

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఒకరి తప్పును మరొకరి నెత్తిన వేయకండి. చైనా సంప్రదాయంలో గుర్రం చెడ్డది కాదు. వేగం, ఉత్సాహం, ఎవరికీ లొంగని స్వేచ్ఛ దాని గుణాలు. గుర్రం వచ్చిందంటే విజయం వచ్చినట్టే అనే అర్థంలో నాలుగు అక్షరాల దీవెన ఒకటుంది, కొత్త సంవత్సరానికి అక్కడివారు ఇష్టంగా చెప్పుకుంటారు. ఎలుకకు చురుకుదనం, ఎద్దుకు ఓర్పు, పులికి తెగువ, పాముకు లోతైన ఆలోచన. పశువుల మధ్య బతికిన మనుషులు చూసి పెట్టిన గుణాలివి.

మొగుణ్ణి తినేస్తుందన్న మాట జపానులో ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా సాగిన షోగున్ల పాలనలో బలపడింది. ఎడో నగరంలో (ఇప్పటి టోక్యో) ఓషిచి అనే కూరగాయల వ్యాపారి కూతురు, ప్రేమించినవాణ్ణి మళ్లీ చూడాలన్న ఆశతో ఇంటికి నిప్పు పెట్టిందని, 1683లో ఆమెను కాల్చి చంపారని కథ. ఆమె 1666లో, అంటే అగ్ని గుర్రం ఏడాదిలో పుట్టిందని చెప్పుకుంటారు. ఆ నింద అక్కడి నుంచి గుర్రానికి అంటుకుంది.

పైగా శాస్త్రం తెలిసినవాడు సంవత్సరం ఒక్కటే చూసి ఫలం చెప్పడు. సంవత్సరం, నెల, రోజు, పుట్టిన వేళ అని నాలుగు స్తంభాలు చూస్తాడు. మొన్న ఉగాదికి మనకు పరాభవ నామ సంవత్సరం వచ్చింది. 1966 ఉగాదికి వచ్చిందీ పరాభవే. పేరు అంత చెడ్డగా ఉన్నా, దానికి భయపడి కాన్పు వాయిదా వేసుకున్న ఇల్లు నేనెరిగినంతలో ఒక్కటీ లేదు. పేరును పేరుగా చూడటం తెలిస్తే సంప్రదాయం ఎవరికీ కీడు చేయదు.

చరిత్ర విద్యార్థి:

పంచాంగ ప్రియుడు గారూ, గుణాలు చూసి పెట్టారని అంత గట్టిగా చెప్పలేం. 1975లో చైనాలోని హుబే రాష్ట్రం షుయిహుదిలో చిన్ రాజవంశ కాలపు ఉద్యోగి సమాధి ఒకటి బయటపడింది. క్రీ.పూ. 217 ప్రాంతం నాటిది. అందులో దొరికిన వెదురు బద్దల మీద, రోజులను లెక్కపెట్టే పన్నెండు స్థానాలకు జంతువుల పేర్లు రాసి ఉన్నాయి. వాటిని దేనికి వాడారంటే, దొంగను పట్టుకోవడానికి! దొంగతనం జరిగింది ‘ఎలుక’ రోజైతే దొంగకు మూతి కోసుగా, గడ్డం పలచగా ఉంటుందట. అంటే మనకు దొరికిన తొలి జాబితాల్లోనే ఈ పద్ధతి ఎవరినో అనుమానించడానికి పనికొచ్చింది.

ఇంకా ముఖ్యమైనది వినండి. ఇప్పుడు గుర్రం ఉన్న ఏడో స్థానంలో ఆ బద్దల మీద జింక ఉంది. గుర్రం ఆ తర్వాతి స్థానంలో, ఇప్పుడు మేక (గొర్రె అని కూడా అంటారు) ఉన్నచోట ఉంది. డ్రాగన్ ఉండాల్సిన చోట ఏ జంతువు పేరూ లేదు. ఆ జాబితానే ఏళ్లకు నిలిచి ఉంటే 1966 అగ్ని జింక సంవత్సరం అయ్యేది. జింకను చూసి ఎవరు భయపడేవారు? అరవై జతల లెక్క అంతకంటే చాలా పాతది, షాంగ్ అనే ఇంకా పాత చైనా రాజవంశ కాలంలో శకునాలు చూసిన ఎముకల మీద రోజులకు వాడారు. జంతువులు తర్వాత వచ్చి ఆ పీటల మీద కూర్చున్నాయి.

చైనావాడే అయిన వాంగ్ చొంగ్ క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే ఈ లెక్కను నిలదీశాడు. ఏడాదితో మారే జత కాక, ప్రతి జంతువుకూ సొంత మూలకం ఒకటుంటుంది: ఎలుకది నీరు, గుర్రానిది అగ్ని. నీరు అగ్నిని గెలుస్తుందంటారు కదా, మరి ఎలుక గుర్రాన్ని ఎందుకు తరమదని అడిగాడు. రెండు వేల ఏళ్లు కావస్తున్నా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

సింగపూర్ వాసి:

చెడ్డ ఏడాది గురించే మాట్లాడుతున్నారు. మంచి ఏడాది కూడా బరువే. డ్రాగన్ ఏడాదిలో బిడ్డ పుడితే అదృష్టమని ఇక్కడి చైనీయుల నమ్మకం. సింగపూరులో 1987లో 43,616 మంది పుడితే డ్రాగన్ ఏడాది 1988లో 52,957 మంది పుట్టారు. ప్రభుత్వం 1987లో జనాభా విధానం మార్చి, స్తోమత ఉంటే ముగ్గురిని కనమన్న మాట కూడా నిజం, అది దాచను. కానీ అంతమంది ఒకేసారి బడికి, ఆ తర్వాత ఉద్యోగానికి క్యూ కడితే ఇబ్బంది పడేది ఆ అదృష్టవంతులే.

చైనాలోని డ్రాగన్ పిల్లల చదువుల మీద లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు 2017లో ఒక పరిశోధన వెలువరించారు. వాళ్లు కాస్త బాగా చదువుతున్న మాట నిజమేనట. కారణం వాళ్ల పుట్టుకలో కనిపించలేదు, తల్లిదండ్రులు వాళ్లమీద పెట్టుకున్న ఆశలోనూ పెట్టిన ఖర్చులోనూ కనిపించింది. మరి పది గొర్రెల్లో తొమ్మిదింటికి బతుకు వెలితే అని సామెత కట్టిన గొర్రె ఏడాది పిల్లలమీద ఎవరు ఆశ పెట్టుకుంటారు?

అయినా లెక్క వరకు నాకు ఇష్టమే. మా లిఫ్టులో ఒక చైనా అవ్వ నన్ను మీది ఏ జంతువు అని అడిగారు. పంది అన్నాను. బొటనవేలితో వేళ్ల కణుపులు ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టి, మా అంతస్తు రాకముందే “నలభై మూడు” అన్నారు. మా నాయనమ్మ తిథులు లెక్కపెట్టిన కణుపులే అవి.

మేనకోడలు:

పేరును పేరుగా చూస్తామన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా మేనత్త మూల నక్షత్రంలో పుట్టింది. మూలలో పుట్టిన పిల్ల మామగారికి గండమని మూడు సంబంధాలు వెనక్కి వెళ్లాయి. మూడోసారి వచ్చినవాళ్లు కాఫీ గ్లాసులు చేతికి తీసుకుని, జాతకం చూశాక నింపినవి నింపినట్టే కింద పెట్టి లేచారు. ఆ గ్లాసులు లోపలికి తీసుకెళ్లింది మా అత్తే. చివరికి తాతయ్య ఆమె మూడు గంటలు ఆలస్యంగా పుట్టినట్టు జాతకం తిరిగి రాయించారు. అప్పటికి మూల వెళ్లిపోయి పూర్వాషాఢ వచ్చేస్తుంది. పెళ్లయింది. కానీ తన పుట్టినవేళ ఎవరైనా అడిగితే అత్త ఇప్పటికీ తడబడుతుంది.

1906 కూడా అగ్ని గుర్రం ఏడాదే. జపానులో ఆ ఏడాది పుట్టిన కూతుళ్లను కొందరు 1905లోనో 1907లోనో పుట్టినట్టు నమోదు చేయించారు. మా తాతయ్య చేసిన పనే అది. మనం ఎవరికీ నీతులు చెప్పే స్థితిలో లేము, పంచాంగ ప్రియుడు గారూ.

పంచాంగ ప్రియుడు:

అమ్మా, మీ అత్తగారి విషయంలో జరిగింది అన్యాయమే. నేను మూల గురించి ఆలోచించకుండా మాట్లాడాను. ఆరేళ్ల తేడా ఉంటే ఎలుకకు గుర్రానికి, పులికి కోతికి పొసగదని సంబంధాలు తప్పించే పద్ధతిని కూడా నేను సమర్థించను. పెళ్లి దగ్గర ఈ లెక్కలు మానేయాలి, ఇక్కడా అక్కడా.

కానీ గుణాలన్నీ తీసేస్తే మిగిలేది అంకెలే. ఎలుక ఎద్దు వీపెక్కి నది దాటి, ఒడ్డు రాగానే ముందుకు దూకి మొదటి స్థానం కొట్టేసిన కథ విన్న పిల్లవాడు వరుసను జన్మలో మరిచిపోడు. తన జంతువు ఏడాది తిరిగి వచ్చినప్పుడు గండం లేకుండా ఎర్ర నాడా కట్టుకునే ఆచారముంది. బిడ్డ క్షేమం కోరే తల్లి చేయి అందులో ఉంది. అదీ వదిలేయమంటారా?

చరిత్ర విద్యార్థి:

కథ ఉండనివ్వండి. అయితే పొగడ్త ఉంచి తిట్టు తీసేద్దామంటే కుదరదు. డ్రాగన్‌ను నెత్తిన పెట్టుకున్నంత కాలం గొర్రె కిందే ఉంటుంది. కుందేలు ఏడాదిలో పుట్టిన బిడ్డ హనోయిలో అయితే పిల్లి ఏడాది బిడ్డ అవుతుంది. సరిహద్దు దాటితే మారిపోయేదాన్ని బిడ్డ స్వభావమని ఎలా అంటాం?

టోక్యో తెలుగమ్మాయి:

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. మా కింది అంతస్తులో 1966లో పుట్టినావిడ ఉన్నారు. నిన్న సాయంత్రం వెళ్లి అడిగాను. తన తరగతిలో పై తరగతికంటే బల్లలు తక్కువగా ఉండేవని, ఖాళీ స్థలం ఎక్కువని అదే గుర్తని చెప్పారు. తనకు పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. మేము మాట్లాడుతుండగా వాళ్లాయన వంటింట్లో టీ కాస్తున్నారు.

ఈ ఆదివారం ఆవిడకు కన్రెకి, మన షష్టిపూర్తి లాంటిదే. అరవై జతలూ తిరిగి వచ్చి మళ్లీ పుట్టినట్టు లెక్క, అందుకే పసిబిడ్డకు వేసినట్టు ఎర్ర చొక్కా తొడుగుతారు. చేతులు లేని, దూది కూరిన ఆ ఎర్ర చొక్కా అప్పటికే వచ్చేసింది. కూతురు కుట్టించి పంపిందట. భుజాల దగ్గర బిగుతుగా ఉందేమో చూడమని నా ముందే తొడుక్కున్నారు.

నా సహోద్యోగిని తీసుకురావచ్చా అని అడిగితే, తప్పకుండా తీసుకురమ్మన్నారు. వాళ్ల అమ్మమ్మగారిని కూడా పిలిచాం. వస్తారో రారో ఇంకా చెప్పలేదు.